కాజా కన్నం కాదు

అనువాద కథల్లో దొరగారి కోటుకి ఒక 'బొత్తాం రంధ్రం' ఉంటుంది. ఆ రంధ్రంలో ఓ పువ్వు కూడా ఉంటుంది. చదివినప్పుడల్లా ఆ కోటుని ఎలకలు కొట్టాయేమో అనిపిస్తుంది నాకు. ఇంగ్లీషు 'బటన్‌హోల్'ని రెండు ముక్కలు చేసి, ముక్కకో తెలుగు మాట అతికిస్తే వచ్చే అవస్థ ఇది. మన ఇళ్ళల్లో, దర్జీ కొట్లల్లో ఆ వస్తువుకి శుభ్రమైన పేరుంది: కాజా.

అదీ అసలు తెలుగు కాదు కదా అంటారేమో. కాదు, పోర్చుగీసు వాళ్ళ 'కాసా'. ఆ భాషలో కాసా అంటే ఇల్లు. బొత్తాం దూరే చోటూ కాసాయే. (బొత్తామూ వాళ్ళదే. ఇస్త్రీ, తువాలు, అలమారా కూడా.) ఇంగ్లీషువాడికి కన్నం కనిపించినచోట పోర్చుగీసువాడికి బొత్తాం కాపురముండే ఇల్లు కనిపించింది. ఏది ముచ్చటగా ఉందో మీరే చెప్పండి. తాపేశ్వరం కాజా మాత్రం వేరు. అది ఉత్తరాది ఖాజా నుంచి వచ్చిన మిఠాయి, ఈ ఇంటికి చుట్టం కాదు.

పైగా కాజా ప్రతిసారీ కన్నం కాదు సుమండీ. మన జాకెట్లే చూడండి. ఒకవైపు హుక్కు, రెండోవైపు దారంతో అల్లిన చిన్న ఉచ్చు. అక్కడ గుడ్డ కత్తిరించిందీ లేదు, కన్నం పెట్టిందీ లేదు. రెండు మూడు పోగులు వేసి, వాటిమీద కాజా కుట్టు దగ్గర దగ్గరగా అల్లుకుంటూ పోవడమే. దాన్నీ కాజా అనే అంటాం. చొక్కాకైతే ముందు చీలిక పెట్టి, పోగులు లేచిపోకుండా అంచంతా అదే కుట్టు కుడతారు. కుట్టు కుట్టుకీ ముడి పడాలి. ముళ్ళన్నీ అంచుమీద వరసగా కూర్చోవాలి. దర్జీ కొట్లో పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడికి మొదట అప్పగించేది ఈ కాజాలే. కాజాకింతని కూలికి ఇంట్లో కూర్చుని కుట్టే ఆడవాళ్ళూ ఉన్నారు. ఇంత పనినీ రంధ్రమనేసి ఊరుకుంటే, చేసిన చెయ్యి మాయమైపోదూ?

ఇంగ్లీషులోనూ ఆ మాట ఒక్కచోట నిలవదు. బ్రిటిషు వాళ్ళకి కోటు కాజాలో పెట్టుకునే పువ్వూ బటన్‌హోలే. 1892లో ఆస్కార్ వైల్డ్ తన నాటకం మొదటి ప్రదర్శనకి స్నేహితుల్ని ఆకుపచ్చ కార్నేషన్లు పెట్టుకు రమ్మన్నాడు. ఆ పువ్వుల్ని పట్టుకుని రంధ్రాలంటే కథ కంచికే. నెహ్రూగారి గులాబీ ఎరిగిన మనకి 'కాజాలో పువ్వు' అంటే చాలదూ?

ఇక ఎవర్నైనా 'బటన్‌హోల్' చెయ్యడమంటే కదలనివ్వకుండా నిలబెట్టి మాట్లాడ్డం. మొదట్లో ఆ మాట 'బటన్‌హోల్డ్', అంటే బొత్తాం పట్టుకోవడం. జనం నోట నలిగి కాజా అయి కూర్చుంది. కోల్‌రిడ్జ్ అలా పట్టుకుంటే చార్లెస్ లాంబ్ బొత్తాం కోసిచ్చి తన పని చూసుకు వచ్చాడనీ, అప్పటికీ ఆయన బొత్తాంతో మాట్లాడుతూనే ఉన్నాడనీ ఒక కథ చెప్పుకుంటారు. తెలుగు చేసేటప్పుడు ఇక్కడ కాజాతోనూ పనిలేదు, బొత్తాంతోనూ లేదు. 'దారికాసి పట్టుకున్నాడు', 'జిడ్డులా పట్టుకుని వదల్లేదు' అంటే సరిపోతుంది. పేరంటంలో వాయనం అందుకుని గుమ్మందాకా వచ్చాక, ఎదురింటావిడ మోచెయ్యి పట్టుకుని కోడలి సంగతులు ఎత్తుకుంటే అదీ ఈ పనే.