పరుగెత్తని 'రన్'

ఆంగ్లము నేర్చు పిల్లలకు తొలి మాసములలోనే పరిచయమగు మాటలలో 'రన్' అనునది యొకటి. దాని యర్థము 'పరుగెత్తుట' అని వల్లించి వారు తృప్తి చెందుదురు. ఆక్స్‌ఫర్డు నిఘంటుకారులు 2011 నాటికి ఆ క్రియ యొక్కదానికే 645 అర్థములను లెక్కించిరి. 1989 నాటి రెండవ కూర్పులో 430కి పైబడిన యర్థములతో 'సెట్' అను క్రియ యగ్రస్థానమున నుండగా, దానిని సయితము ఇది మించినది.

ఆంగ్లమున ఏరును 'రన్' అగును, ముక్కును 'రన్' అగును, ఉతికిన చీర రంగును 'రన్' అగును. బడిని సయితము 'రన్' చేయుదురు. మనకో, ఏరు పాఱును, ముక్కు కారును, చీర రంగు విడుచును, బడిని నడుపుదుము. ఎన్నికలలో అమెరికావారు పరుగెత్తుదురు. ఇంగ్లండువారు మనవలెనే నిలుచుదురు.

మన యాంగ్లాంధ్ర నిఘంటువులు పెక్కింట ఇట్టి యర్థములన్నియు నొక్క వరుసలో గుంపుగూడి యుండును, ఉదాహరణవాక్యము లరుదు. విద్యార్థి మొదటి మాటను పట్టుకొని 'ఆయన బడిని పరుగెత్తించుచున్నాడు' అని వ్రాయును. ఉపాధ్యాయుడు సున్న చుట్టును, తరగతి నవ్వును, పిల్లవాడు 'ఇంగ్లీషు నాకు రాదు' అని నిశ్చయించుకొనును. ఈ దోషము పిల్లవానిది కాదు, పట్టికది యని మా యభిప్రాయము.

ఈ చిక్కు మన పూర్వులకు క్రొత్తది కాదు. అమరసింహుడు నానార్థవర్గమున 'హరి' శబ్దమునకు విష్ణువు, ఇంద్రుడు, సింహము, గుఱ్ఱము, కోతి, కప్ప మొదలగు నర్థములను గూర్చెను. శ్లోకము కంఠస్థమైనవానికి అర్థములన్నియు వచ్చును. ఎచ్చట నేది గ్రాహ్యమో తెలియదు. ఆ నిర్ణయమునకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము మొదలగువానిని భర్తృహరి వాక్యపదీయమున జెప్పెను. భోజనవేళ 'సైంధవము తెమ్ము' అన్నచో ఉప్పు. ప్రయాణవేళ అన్నచో గుఱ్ఱము.

మన 'పట్టు' మాత్రము తక్కువదా? జాలరి చేపను పట్టును. పసివానికి నిద్ర పట్టును. ఇనుమునకు త్రుప్పు పట్టును. పనికి దినము పట్టును. ఏ తల్లియు బిడ్డకు వీని పట్టిక నొప్పగింపలేదు. వాక్యములలో వినియే బిడ్డ నేర్చినది. పరభాషకును ఇదియే మార్గము.

కావున నిఘంటుకర్తలు ఒక్కొక్క ముఖ్యార్థమునకు ఒక్కొక్క వాక్యమునైన జేర్పవలెనని మేము కోరుచున్నాము. అంతదాక గృహములందు బాలికలు గాని బాలురు గాని 'ఈ మాటకు అర్థమేమి?' అని వచ్చినపుడు, పెద్దలు 'ఏ వాక్యములోనిది?' అని మొదట నడుగుదురు గాక.