నీళ్ళలో మనిషి, గోడ మీద బ్రేకర్

డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్రాస్పర్ లాంటి ఊళ్ళలో తెలుగువాళ్ళ ఇళ్ళ పెరట్లో కరివేపాకు కుండీల పక్కన ఈమధ్య హాట్ టబ్ కూడా కనిపిస్తోంది. నలుగురైదుగురు కూర్చునే తొట్టి, వెయ్యి లీటర్లకు పైగా నీళ్ళు, 40 డిగ్రీల దాకా వేడి. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల మోకాళ్ళ నొప్పులకు బాగుంటుందని కొనేవాళ్ళున్నారు, పిల్లల పోరు పడలేక కొనేవాళ్ళున్నారు. ఏ కంపెనీది మంచిది, ఎన్ని జెట్లు ఉండాలి అని వారాల తరబడి ఆరా తీస్తారు. దానికి కరెంటు ఎలా ఇవ్వాలన్న మాట వచ్చేసరికి మాత్రం "ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే" అని వదిలేస్తారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడం మంచి పనే. కానీ ఆ పని ఎలా ఉండాలో ఇంటివాళ్ళకు కొంతైనా తెలియాలి. ఎందుకంటే వైరింగ్ సరిగ్గా చేసినా నీళ్ళు వేడెక్కుతాయి, తప్పుగా చేసినా వేడెక్కుతాయి. పైకి చూస్తే తేడా తెలియదు.

వైరింగ్ సంగతులు కాస్త ఎరిగిన పెద్దాయన ఆ పెరట్లో నిలబడితే ముందు అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "50 ఆంపియర్ల బ్రేకర్ పెట్టించావుగా బాబూ, మళ్ళీ ఈ రెండో పెట్టె ఎందుకు?"

అసలైన ప్రశ్న అది. మామూలు బ్రేకర్ కాపాడేది తీగను. తీగ మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు పారి, వేడెక్కి, పైతొడుగు కరిగి ఇల్లు అంటుకోకుండా చూస్తుంది. అంతవరకే దాని పని. అమెరికాలో టబ్‌కు 240 వోల్టులు రెండు ఫేజ్ తీగల మీద వస్తాయి. ఒక్కో తీగకూ భూమికీ మధ్య ఉండేది 120 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములనుకుంటే, ఆ మనిషి గుండా పారేది ఆంపియర్‌లో ఎనిమిదో వంతుకు కాస్త తక్కువ. ప్రాణం పోవడానికి అది చాలు. 50 ఆంపియర్ల బ్రేకర్‌కు మాత్రం అది ఒక ఎల్ఈడీ బల్బు అదనంగా వెలిగినట్టే. మనిషి పోయినా బ్రేకర్ ట్రిప్ అవదు.

మరి మనిషికి ఎంత కరెంటు ప్రమాదం? ఈ లెక్క తేల్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సినవాడు చార్లెస్ డాల్జియల్, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఒప్పుకుని ముందుకొచ్చినవారి చేతికి తీగ ఇచ్చి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ, ఎంత దగ్గర చెయ్యి ఆ తీగను వదలలేకపోతుందో కొలిచాడు. సగటున మగవాళ్ళలో 16 మిల్లీఆంపియర్లు, ఆడవాళ్ళలో 10.5 మిల్లీఆంపియర్లు అని తేలింది. ఆ హద్దు దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, వదలాలన్నా వేళ్ళు వదలవు. నీళ్ళలో ఉన్న మనిషికైతే కాళ్ళూ చేతులూ ఆడక తల మునిగిపోతుంది. గుండె ఆగకపోయినా ప్రాణం పోవచ్చు. షాక్ ప్రభావాల మీద ఆయన పుస్తకం 1956లో వచ్చింది. బర్క్‌లీలోనే పంపుల వ్యాపారం మొదలుపెట్టిన ఇటలీ వలస కుటుంబం జకూజీ సోదరులు. వాళ్ళలో కాండిడో కొడుకు చిన్నతనంలోనే కీళ్ళవాతం బారిన పడితే, ఇంట్లో స్నానాల తొట్టిలోనే నీటి చికిత్స చేసేందుకు ఒక పంపు తయారైంది. ఆ పంపు బజారులోకి వచ్చిందీ 1956లోనే. కరెంటు పంపును స్నానాల తొట్టిలోకి దించిన ఇంటివాళ్ళూ, మనిషికి ఎంత కరెంటు ప్రమాదమో కొలిచిన ప్రొఫెసరూ ఒకే ప్రాంతం వాళ్ళు కావడం ఈ కథలో ముచ్చటైన సంగతి.

డాల్జియల్ కొలతలతో ఆగలేదు. 1960ల ఆరంభంలో జీఎఫ్‌సీఐ అనే పరికరం రూపొందించాడు. మన దగ్గర ఆర్‌సీసీబీ చేసే పని అదీ చేస్తుంది. వెళ్ళే తీగ, తిరిగొచ్చే తీగ రెండూ ఒకే అయస్కాంత వలయం గుండా పోతాయి. వెళ్ళినంతా తిరిగొస్తే వలయంలో అలికిడి ఉండదు. మధ్యలో కొంత మనిషి ఒంట్లోంచో, తడి నేలలోంచో దారి మళ్ళితే లెక్క తప్పుతుంది, వలయం చుట్టూ చుట్టిన సన్నటి తీగలో వోల్టేజి పుడుతుంది, స్విచ్ తెగుతుంది. తేడా 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల మధ్యకు వస్తే చాలు, రెప్పపాటులో కరెంటు పోతుంది. 50 ఆంపియర్ల బ్రేకర్ కన్నా పదివేల రెట్లు చిన్న కరెంటును ఇది పసిగడుతుంది. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ దీన్ని ఈతకొలనుల్లో నీటి అడుగు దీపాలకు 1968లో, ఇళ్ళలో బాత్‌రూమ్ సాకెట్లకు 1975లో తప్పనిసరి చేసింది. ఆ కోడ్‌లో కొలనులకూ హాట్ టబ్‌లకూ కలిపి ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది, 680వది. పెద్దాయన అడిగిన రెండో పెట్టెలో ఉండేది ఈ జీఎఫ్‌సీఐ.

ఈ పెట్టె బిగించే దగ్గరే ఎక్కువమంది తడబడతారు. టబ్‌కు వెళ్ళేవి నాలుగు తీగలు: రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్. 50 ఆంపియర్లకు సాధారణంగా ఆరో గేజ్ రాగి తీగ వాడతారు, మన లెక్కలో సుమారు 13 చదరపు మిల్లీమీటర్లు. హీటరుకూ పెద్ద పంపుకూ 240 వోల్టులు కావాలి. చాలా టబ్‌లలో నీళ్ళు తిప్పే చిన్న పంపు, ఓజోన్ యంత్రం 120 మీద నడుస్తాయి కాబట్టి న్యూట్రల్ కూడా అవసరం. జీఎఫ్‌సీఐకి పుట్టుకతోనే తెల్లటి చుట్టల తీగ ఒకటి ఉంటుంది, అది పెట్టెలోని న్యూట్రల్ పట్టీకి పోవాలి. టబ్ నుంచి వచ్చే న్యూట్రల్ మాత్రం పట్టీకి పోకూడదు, జీఎఫ్‌సీఐ లోపలికే రావాలి. రెండూ తెల్లవే కదా అని రెండింటినీ పట్టీకే బిగించేస్తే తిరిగొచ్చే కరెంటు వలయాన్ని తప్పించుకుని పోతుంది. 120 వోల్టుల పంపు తిరగగానే లెక్క తప్పినట్టు కనిపించి పెట్టె ట్రిప్ అవుతుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ ట్రిప్ అవుతుంది.

అప్పుడు చేసేదాన్ని బట్టి పనివాడెవరో తెలుస్తుంది. "ఈ జీఎఫ్‌సీఐ పాడైందండీ, మామూలు బ్రేకర్ పెట్టేస్తా" అనేవాడు దొరుకుతాడు. పెట్టేస్తాడు కూడా. ట్రిప్ అవడం ఆగుతుంది, పంపు తిరుగుతుంది, ఇంటివాళ్ళు సంతోషంగా డబ్బులిస్తారు. ఆ రోజు నుంచి ఆ తొట్టిలో దిగే ప్రతి ఒక్కరికీ కాపలా లేదు. నిజమైన పనివాడు ముందు తెల్ల తీగలు చూస్తాడు. అవి సరిగానే ఉంటే టబ్‌లోని భాగాలను ఒక్కొక్కటిగా విడదీస్తాడు. హీటర్ తీగలు తీసి స్విచ్ వేసి చూస్తాడు. పెట్టె నిలబడితే దోషం హీటరుదే. రసాయనాలున్న వేడి నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన హీటర్ ఎలిమెంటు పైతొడుగు చిల్లిపడి లోపలికి నీళ్ళు చేరడం మామూలు సంగతి. హీటర్ తీసినా ట్రిప్ అయితే పంపు, ఆ తర్వాత ఓజోన్ యంత్రం. ఈ ఓపికకే డబ్బులివ్వాలి.

మిగతా నియమాలకు కారణాలు చూడగానే తెలుస్తాయి. కరెంటు ఆపే స్విచ్ టబ్ నుంచి కంటికి కనిపించాలి, నీటి అంచుకు 5 అడుగుల లోపల మాత్రం ఉండకూడదు. రిపేరుకు వచ్చినవాడు ఆపడానికి దగ్గరుండాలి, నీళ్ళలో కూర్చున్నవాడి చేతికి అందకూడదు. సాకెట్లు కనీసం 6 అడుగుల దూరం. నేలలో ప్లాస్టిక్ పైపులో తీగ వేస్తే సాధారణంగా 18 అంగుళాల లోతు. ఎక్స్‌టెన్షన్ తీగతో టబ్ నడపడం ఎక్కడా ఎప్పుడూ పనికిరాదు.

కోడ్ అడిగే పనుల్లో ఇంటివాళ్ళు ఎప్పటికీ చూడనిది, అన్నిటికన్నా గౌరవించాల్సినది ఒకటుంది: బాండింగ్. కరెంటు తీగ మీద వాలిన పిట్టకు షాక్ తగలదు, దాని రెండు కాళ్ళూ ఒకే వోల్టేజి మీద ఉంటాయి కనుక. టబ్ చుట్టూ అదే పరిస్థితి కల్పించడమే బాండింగ్ పని. పంపు మోటారు లోహపు ఒళ్ళు, పట్టుకునే కమ్మీ, నీళ్ళు, కాలు మోపే కాంక్రీటులోని ఇనుప చువ్వలు, అన్నిటినీ ఎనిమిదో గేజ్ గట్టి రాగి తీగతో కలుపుతారు. టబ్ అంచు చుట్టూ నేలలో 18 నుంచి 24 అంగుళాల దూరంలో ఆ రాగి తీగ ఒక చుట్టు తిరుగుతుంది. అప్పుడు బయటి లైను నుంచి పక్కింటి లోపం వల్ల వోల్టేజి చొరబడినా, తడి కాలుకీ తడి చేతికీ మధ్య తేడా ఉండదు. తేడా లేనిచోట కరెంటు పారదు. జీఎఫ్‌సీఐ చూడలేని ప్రమాదం ఇది, ఎందుకంటే ఆ వోల్టేజి టబ్ తీగల్లోంచి రాదు. నేల మీద పెట్టే తయారీ టబ్‌లకు, అంచు చుట్టుపక్కల నేల కన్నా 28 అంగుళాలు ఎత్తుండడం లాంటి షరతులతో ఈ చుట్టు తీగ నుంచి కోడ్ మినహాయింపు ఇస్తుంది. అమ్మినవాడు చెప్పాడని కాక, టబ్‌తో వచ్చిన పుస్తకం చూసి ఆ సంగతి తేల్చుకోవాలి.

కాంక్రీటు పోశాక ఈ తీగ ఉందో లేదో ఎవరికీ కనిపించదు. అందుకే ఇన్‌స్పెక్టర్ గొయ్యి పూడ్చకముందే రావాలి. పర్మిట్ అంటే వృథా ఖర్చనీ, ఆలస్యమనీ విసుక్కునేవాళ్ళకు చెప్పాల్సింది ఒక్కటే: ఆ రుసుముతో మీరు కొంటున్నది, తెరిచి ఉన్న గోతిలోకి తొంగి చూసే రెండో జత కళ్ళను.

2024 జూన్‌లో మెక్సికోలోని ప్యూర్టో పెనాస్కోలో, సముద్రం ఒడ్డున ఒక విడిది జకూజీలో దిగిన టెక్సాస్ దంపతులకు షాక్ తగిలింది. భర్త చనిపోయాడు, భార్య తీవ్రంగా గాయపడింది. నీళ్ళు చూడడానికి మామూలుగానే ఉన్నాయి. కరెంటుకు రంగూ వాసనా లేవు, తొట్టి చుట్టూ ఎందరున్నా కంటితో చూసి హెచ్చరించగలిగినవాళ్ళు ఉండరు.

హైదరాబాద్ విల్లాల్లోనూ, విశాఖ తీరం రిసార్టుల్లోనూ జకూజీలు వచ్చాయి. కానీ మన ఇళ్ళలో తడి ఒళ్ళూ కరెంటూ రోజూ కలిసే చోటు గీజర్. ఇక్కడ ఒక్క ఫేజ్ మీదే 230 వోల్టులు, అమెరికా తీగకు దాదాపు రెట్టింపు. మన ఇళ్ళకు వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది. షాక్ తెలుస్తుంది, కానీ గుండె లయ తప్పేలోపే కరెంటు పోతుంది. "గీజర్ ఆపి స్నానానికెళ్ళు" అని మన అమ్మలు చెప్పే మాట మంచిదే, అది ఒక్కటే చాలదు. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే ఒక్క తీగనే తెంచే స్విచ్ న్యూట్రల్‌ను తెంచుతుంది. స్విచ్ ఆపినా గీజర్ లోపల ఫేజ్ ఉండనే ఉంటుంది.

అంతకన్నా చెడ్డ అలవాటు ఇంకోటి: పాత ఇళ్ళలో ఎర్త్ తీగ లాగడం బద్ధకమై, సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న ముక్కతో కలిపేయడం. టెస్టర్ పెడితే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున గీజర్ ఇనుప ఒళ్ళంతా ఫేజ్ అయి కూర్చుంటుంది. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో, ఆ ముడి నుంచి కరెంటుకు ఇనుప పైపుల గుండానో మరోలానో నేలలోకి దారి ఉంటే, గీజర్ వేయగానే ట్రిప్ అవవచ్చు. డాలస్ పెరట్లో వినిపించిన మాటే ఇక్కడా వినిపిస్తుంది: "ఇది ఊరికే పడిపోతోంది సార్, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా." వద్దనాలి. గట్టిగా వద్దని, సాకెట్ విప్పించి ఆ ముక్క ఉందేమో దగ్గరుండి చూడాలి.

ఆర్‌సీసీబీ మీదా, జీఎఫ్‌సీఐ మీదా టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే పరికరం బతికి ఉందో లేదో తెలుస్తుంది. ఎర్త్ సంగతి మాత్రం ఆ బటన్ చెప్పదు. ఎర్త్ తీగ అసలే లేని ఇంట్లో కూడా నొక్కగానే అది ట్రిప్ అవుతుంది. పెరట్లో బొగ్గూ ఉప్పూ పోసి పాతిన ఎర్త్ పిట్ ఎండాకాలంలో నీళ్ళు లేక ఎండితే నిరోధం పెరుగుతుంది. దాన్ని తెలుసుకోవాలంటే మీటరు పట్టుకొచ్చి కొలిచే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మే నెలలో, నేల బాగా ఎండి ఉన్నప్పుడు పిలిస్తే మంచిది.