పులియబెట్టిన కూరగాయలు: ఒక గ్రంథ పరిశీలన

కిందటి సంవత్సరం మా కళాశాలలో బి.ఎస్‌సి. చదివే ఒక అమ్మాయి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొని నా గదికి వచ్చింది. "సార్, ఇందులో చెప్పినట్లు క్యాబేజీ పులియబెట్టి మా అమ్మకు రోజూ ఒక కప్పు పెడుతున్నాను. ఆమెకు రక్తపోటు ఉన్నది. పులిస్తే పోషకాలు పెరుగుతాయట గదా, ఇంకొంచెం ఎక్కువ పెట్టవచ్చునా?" అని అడిగింది. ఆ పుస్తకం శాండర్ కాట్జ్ అనే అమెరికన్ రచయిత 2012లో ప్రకటించిన "ది ఆర్ట్ ఆఫ్ ఫెర్మెంటేషన్". అప్పటికప్పుడు జవాబు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. పుస్తకం అడిగి పుచ్చుకొని, రెండు వారాలు కూర్చుని చదివాను.

సుమారు 500 పుటల ఈ గ్రంథంలో కూరగాయలు ఒక భాగం మాత్రమే. పాలు, ధాన్యాలు, పప్పులు, మాంసం, మద్యం—మనిషి పులియబెట్టగలిగిన ప్రతి పదార్థానికీ ఇందులో చోటున్నది. మన ఇడ్లీ, దోసెలూ ఉన్నాయి. రచయిత టెనెసీ రాష్ట్రంలో పల్లెపట్టున నివసించేవాడు. ప్రయోగశాలలో తర్ఫీదు పొందిన శాస్త్రజ్ఞుడు కాడు. తాను చేసి చూసినవి, ఇతరులు తనకు వ్రాసి పంపినవి కలిపి చెబుతాడు. బాక్టీరియా అనగానే రోగమని భయపడే ఇంటివారికి, వాటితో కలిసి వంట చేయవచ్చునని నచ్చజెప్పడం ఆయన సాధించిన పెద్ద పని. ఇది మెచ్చుకోవలసిన సంగతే. నా పేచీ అంతా పోషణను గూర్చి, కొలతలను గూర్చి.

ముందు జాడీలో జరిగేదేమిటో చూద్దాం. క్యాబేజీని సన్నగా తరిగి, దాని తూకంలో నూటికి రెండు పాళ్లు ఉప్పు వేసి పిసికితే, ద్రవాభిసరణ వల్ల ఆకులోని నీరు బయటికి వస్తుంది. ముక్కలను ఆ ఊటలో మునిగేటట్లు అదిమి, పైన బరువు పెడతారు. ఇక మనం కలపవలసిన తోడు ఏదీ లేదు. పచ్చి ఆకుమీద ఉండే అసంఖ్యాక సూక్ష్మజీవులలో లాక్టికామ్లాన్ని తయారుచేసేవి చాలా కొద్ది. కాని ఉప్పునీటిలో, గాలి తగలని చోట, వాటిదే పైచేయి అవుతుంది. మొదట విజృంభించేది లూకోనాస్టాక్ మెసెంటెరాయిడెస్. ఇది ఆమ్లంతోపాటు బొగ్గుపులుసు వాయువును కూడా వదులుతుంది. జాడీలో బుడగలు లేవడానికి కారణమదే. ఇడ్లీపిండిని పొంగించేది కూడా ముఖ్యంగా ఈ జాతే అని చెబితే మా విద్యార్థులు నమ్మలేదు. ఆమ్లం పెరిగినకొద్దీ అది తగ్గిపోయి, పులుపును ఇంకా బాగా ఓర్చుకునే లాక్టోబాసిల్లస్ ప్లాంటారం రంగంలోకి దిగుతుంది. (2020లో దీని పేరు మార్చి లాక్టీప్లాంటీబాసిల్లస్ అన్నారు, పాత పుస్తకాలు చదివే పిల్లలకు ఈ మాట చెప్పడం మంచిది.) చివరకు పి.హెచ్. 3.5 ప్రాంతానికి దిగుతుంది. 4.6కు దిగువన బొట్యులిజం కలిగించే బాక్టీరియా పెరగజాలదు. ఇంటి జాడీకి ఉన్న రక్ష ఇదే. ఈ క్రమాన్నంతా కాట్జ్ సరళంగా, తప్పులేకుండా చెప్పాడు.

ఇక పోషణ. పులియబెడితే పోషకాలు పెరుగుతాయన్న వాక్యం విన్నప్పుడు "దేనితో పోల్చి?" అని అడగాలి. ఆ అమ్మాయి ఆ ప్రశ్న వేసుకోలేదు. పుస్తకం కూడా ఆమెచేత గట్టిగా వేయించలేదు.

సి-విటమిన్‌నే తీసుకుందాం. 100 గ్రాముల పచ్చి క్యాబేజీలో ఇది సుమారు 36 మిల్లీగ్రాములు ఉంటుంది. డబ్బాలలో అమ్మే పులిసిన క్యాబేజీలో 15 మిల్లీగ్రాములకు మించదు. అనగా పెరగలేదు సరికదా, సగానికి పైగా తగ్గింది. మరి ఈ ఆహారానికి ఇంత పేరు ఎట్లా వచ్చింది? 1768లో కెప్టెన్ కుక్ "ఎండీవర్" నౌకలో బయలుదేరినప్పుడు వేల పౌన్ల పులిసిన క్యాబేజీ వెంట తీసుకుపోయాడు. నావికులు మొదట ముట్టలేదు. దాన్ని అధికారుల బల్లమీద రోజూ వడ్డించి, తిన్నవారు తినండి, లేనివారు మానండి అని వదిలేసేసరికి అందరూ ఎగబడ్డారని ఆయనే తన దినచర్యలో వ్రాసుకున్నాడు. ఆ నౌకలో స్కర్వీతో నావికులు రాలిపోలేదు. అయితే రేవు తగిలిన ప్రతిచోటా ఆయన తాజా ఆకుకూరలు కూడా ఎక్కించాడు. కాబట్టి కీర్తి అంతా ఒక్క జాడీకే ఇవ్వరాదు. ఆరు నెలలు నిలువ ఉండే ఆహారం ఎండు బిస్కత్తు, ఉప్పు మాంసం మాత్రమే అయిన చోట 15 మిల్లీగ్రాములు ప్రాణదానమే. ఉత్తర ఐరోపాలో మంచు కప్పిన నెలలలో రైతుకు కూడా అంతే. ఏడాది పొడుగునా సంతలో పచ్చికూర దొరికే మనకో? 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. పోల్చే వస్తువు మారితే సమాధానం తలక్రిందులవుతుంది.

బి-విటమిన్ల విషయంలో రచయిత ఇంకొంచెం జాగ్రత్తగా ఉన్నాడు. పులిసిన శాకాహారంలో బి-12 దొరుకుతుందన్న ప్రచారాన్ని ఆయన ఒప్పుకోలేదు. అందులో ఉండేది చాలావరకు శరీరానికి పనికిరాని నకిలీ రూపమని చెప్పాడు. శాకాహారులు ఈ పేజీని శ్రద్ధగా చదవాలి. ఇడ్లీపిండి వంటి ధాన్య పదార్థాలలో కొన్ని బి-విటమిన్లు పెరగడం కొలతలకు అందిన సంగతి. కాని పిండికి వర్తించిన మాటను క్యాబేజీకి అంటగట్టడం పాఠకులు తరచు చేసే పొరపాటు. అన్నిటినీ ఒకే అధ్యాయంలో ఒకే ఊపున చెప్పుకుపోయిన రచయితకు అందులో కొంత భాగం ఉన్నది.

పేగులలోని సూక్ష్మజీవులకు మేలు జరుగుతుందన్న వాదానికి మాత్రం పుస్తకం వచ్చిన తర్వాత కొంత బలం చేకూరింది. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 36 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పులిసిన ఆహారాలు, రెండవ జట్టుకు పీచు ఎక్కువగల ఆహారాలు 10 వారాలు ఇచ్చారు. మొదటి జట్టువారి పేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది; శరీరంలో వాపును సూచించే 19 ప్రోటీనులు తగ్గాయి. మంచి ఫలితమే. అయితే వారు తిన్నవాటిలో పెరుగు, కెఫిర్, కొంబూచా, కిమ్చీ అన్నీ ఉన్నాయి. ఆ లాభంలో క్యాబేజీ వాటా ఎంతో దాన్నిబట్టి తేలదు. పూటపూటా మజ్జిగ త్రాగే ఇంటికి కొత్తగా కలిసివచ్చేది ఎంతో అంతకన్నా తేలదు.

అపాయాల ప్రస్తావనలో పుస్తకం మరీ నిబ్బరంగా ఉన్నది. పులిసిన కూరగాయల వల్ల రోగం వచ్చినట్లు నమోదైన సందర్భం ఒక్కటీ లేదని అమెరికా వ్యవసాయశాఖకు చెందిన సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుని మాటగా రచయిత ఉదహరించాడు. అదే 2012లో దక్షిణ కొరియాలో పలు పాఠశాలల పిల్లలకు విరేచనాల జబ్బు సోకగా, దానికి మూలం ఈ-కోలై చేరిన కిమ్చీ అని విచారణలో బయటపడింది. పుస్తకం వ్రాసేనాటికి ఇది తెలియకపోవడం రచయిత తప్పు కాదు. కాని "ఒక్కటీ లేదు" అన్న మాట నేటి పాఠకుడు యథాతథంగా తీసుకోరాదు. ఆమ్లం తయారయిన తర్వాతనే రక్ష. పులియడం మొదలుకాకముందు అది ఉప్పు కలిపిన పచ్చికూర మాత్రమే. పైన పట్టిన బూజును తీసివేసి క్రిందిది తినవచ్చునన్న సలహా కూడా నాకు నచ్చలేదు. బూజు ఆమ్లాన్నే తిని బ్రతుకుతుంది. ఎక్కువ రోజులు ఉంటే పి.హెచ్. మళ్ళీ పైకి ఎక్కుతుంది. పలుచని తెల్లపొర వేరు, నూగుతో రంగు తేలిన బూజు వేరు. రెండవది కనిపిస్తే జాడీ అంతా పారబోయడమే మేలు.

అన్నిటికంటె నాకు కష్టం తోచినది ఉప్పును గూర్చిన ధోరణి. తూకాలు పట్టించుకోనక్కరలేదు, రుచి చూసి వేసుకో అంటాడు కాట్జ్. ఆయన అనుభవానికి అది సరిపోవచ్చు. వేసవిలో ఉప్పు హెచ్చించి, రోజులు తగ్గించమని చెప్పకపోనూ లేదు. కాని ఈ పనికి అనువైన వేడి 18 నుంచి 22 సెంటీగ్రేడు డిగ్రీలు. మన వంటింట్లో మే నెలలో 38 డిగ్రీలు మామూలు. పుస్తకం చదివిన ఉత్సాహంలో నేను జనవరిలో ఒక జాడీ, మేలో ఒక జాడీ వేశాను. రెండింటిలోనూ కిలో క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పే. జనవరి జాడీ మూడవనాడు బుడగలు లేపి, పదిరోజులకు కమ్మని పులుపు పట్టింది; ముక్క కరకరలాడింది. మే జాడీ రెండవనాటికే పొంగింది; అయిదవనాటికి ముక్క మెత్తబడి, వాసన మారింది. మా ఆవిడ దాన్ని పెరట్లో పాతిపెట్టి, ఇక కళాశాల ప్రయోగాలు కళాశాలలోనే చేసుకోమన్నది. అధికమైన వేడిలో లూకోనాస్టాక్ వంతు సరిగా సాగదు; పులుపు హడావిడిగా ఎక్కుతుంది, రుచీ గట్టితనమూ నిలువవు. అటువంటి చోట చేతి అందాజు చాలదు. చెంచా కూడా చాలదు. చెంచాడు మెత్తని ఉప్పుకూ చెంచాడు కల్లుప్పుకూ తూకం ఒకటి కాదు. త్రాసు కావాలి.

ఇక్కడ మన ఊరగాయల మాట రాక తప్పదు. ఆవకాయ కూడా ఇటువంటిదే గదా అని చాలామంది ఉపాధ్యాయులే అంటారు. ఆవకాయ నిలువ ఉండడానికి ప్రధాన కారణం మామిడి సహజ ఆమ్లం, దండిగా ఉప్పు, ఆవపిండి, నూనె. బాక్టీరియా పనిచేసి ఆమ్లం తయారుచేయడం అక్కడ ముఖ్యం కాదు. మన ఇళ్లలో జాడీ క్యాబేజీకి దగ్గరి చుట్టాలు తరవాణి కుండ, ఉప్పు మజ్జిగలో నానవేసే చల్ల మిరపకాయలు.

పాఠశాలలో చూపదలచినవారికి ఒక సులువు ఉన్నది. ఊదారంగు క్యాబేజీ వాడండి. దాని రంగు పదార్థం ఆమ్లంలో ఎర్రబారుతుంది. కాబట్టి జాడీయే తన పి.హెచ్.ను తానే చూపిస్తుంది. రోజుకొక బొట్టు ఊట తెల్లకాగితం మీద వేసి వరుసగా ఉంచితే పిల్లలకు పాఠం కళ్లెదుటే ఉంటుంది.

పుస్తకం తిరిగి ఇస్తూ ఆ అమ్మాయిచేతనే లెక్క కట్టించాను. కప్పు అంటే 150 గ్రాములు. నూటికి రెండు పాళ్ల చొప్పున అందులో 3 గ్రాముల ఉప్పు. పెద్దలు రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పప్పు, కూర, చారు వీటిలో పడే ఉప్పు ఇంకా లెక్కకు రాలేదు. ఆ అమ్మాయి కాగితం వంక కొంతసేపు చూసి, "ఇంకా ఎక్కువ పెడదామనుకున్నాను సార్" అన్నది. డాక్టరును అడగమని, ఆయన సరేనంటే పెద్ద చెంచాలు రెండు, అనగా 30 గ్రాములకు మించవద్దని, ఆ పూట ఊరగాయ మానిపించమని చెప్పాను. మరునాడు మా ప్రయోగశాల త్రాసు ఆదివారానికి ఇంటికి ఇస్తారా అని అడగడానికి వచ్చింది. ప్రయోగశాల వస్తువులు బయటికి పోరాదన్న నిబంధన ఉన్నది కనుక, కూరగాయలనే ప్రయోగశాలకు తెమ్మన్నాను.