రేకు పలక్కుండా, పాట పలికేలా

కరీంనగర్ నుంచి వేములవాడ పోయే దారిలోనో, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కుతూనో ముందు పోతున్న పాత సెడాన్ కారు వెనకద్దంలోకి చూస్తే, సీటుకూ అద్దానికీ నడుమ ఉన్న పలక మీద కోలగా రెండు జాలీలు కనిపిస్తుంటాయి. వాటి కింద ఉండేవి ‘సిక్స్ బై నైన్’ స్పీకర్లు. ఆరంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల పొడవు. కారుతో వచ్చిన చిన్నవాటిని తీసేసి ఆ డెక్కు మీద పెద్దవి కూర్చోబెట్టడం ఇక్కడి ఆటో ఎలక్ట్రీషియన్లకు, కార్ డెకార్ షాపుల వాళ్లకు ఏళ్లుగా అలవాటైన పని. దారిన పోయేవాళ్లకు అది కుర్రకారు సరదాగా, గోలగా తోస్తుంది. సరిగా కుదిరిన ఫిట్టింగ్‌ను లోపల కూర్చుని విన్నవాళ్లకు మాత్రం కొలత, ఓపిక, చెవి మూడూ కలిస్తే తప్ప రాని చేతిపని అని తెలుస్తుంది.

ఈ ప్రాంతానికి పెద్ద స్పీకరు మీద మోజు ఊరికే పుట్టలేదు. ఇక్కడి పాట డప్పు మీద నడుస్తుంది. వేపచెక్క చట్రానికి మేకతోలు బిగించి, మంట దగ్గర కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెనపుల్ల పట్టి కొడితే వచ్చే దెబ్బ చెవికన్నా ముందు రొమ్ముకు తగులుతుంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి వేళ దండారి పండుగ మొదలైతే గుస్సాడీల అడుగుకు డోలు, తుడుం తోడుంటాయి. పెప్రె, కాలికోం అనే ఊదే వాద్యాలు పైస్థాయిలో పలుకుతాయి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది మార్లవాయి. ‘ఊరు మనదిరా’ రాసిన గూడ అంజయ్య పుట్టింది ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం లింగాపురంలో. సభల్లో, ఊరేగింపుల్లో పుట్టి పెరిగిన ఇలాంటి పాట క్యాసెట్టుకెక్కి, బండెక్కి ఊరూరూ తిరిగింది. నాలుగంగుళాల స్పీకర్లో వింటే గొంతు వినిపిస్తుంది, డప్పు చచ్చిపోతుంది. దరువు లేని పాట ఈ నేల వాళ్లకు సగం పాటే.

దరువు ఎందుకు చచ్చిపోతుందో లెక్క చెబుతుంది. శబ్దం శ్రుతి ఒక స్థాయి, అంటే కంపనాల సంఖ్య సగానికి, దిగితే అంతే బిగ్గరగా వినిపించడానికి నాలుగింతల గాలిని కదిలించాలి. 5¼ అంగుళాల గుండ్రటి స్పీకరు ముఖం దాదాపు 22 చదరపు అంగుళాలు. 6½ అంగుళాలదైతే 33. కోల స్పీకరుది 42. వెనక డెక్కు అడ్డంగా జాగా ఇస్తుంది కానీ ముందువెనకలకు ఇరుకు. ఆ ఇరుకులో ఎక్కువ ముఖం పట్టాలంటే కోలగా చేయక తప్పదు.

అయితే ముఖం పెద్దదైనంత మాత్రాన బేస్ రాదు. స్పీకరు కోన్ ముందుకు తోసినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు మీదుగా కలిసిపోతే ఒకదాన్నొకటి మింగేస్తాయి. సన్నని శబ్దాలకు ఆ బెడద తక్కువ. సెకనుకు వంద కంపనాల లోతు శబ్దానికి అల పొడవు మూడున్నర మీటర్లకు దగ్గర. అది చిన్న అంచును సులువుగా చుట్టి వస్తుంది. స్పీకరును చేత్తో పట్టుకుని వాయిస్తే పేలవంగా, డెక్కుకు బిగిస్తే గంభీరంగా వినిపించేది అందుకే. సెడాన్ కారులో 350 నుంచి 500 లీటర్ల డిక్కీ వెనక గాలిని వెనకే ఆపే పెద్ద డబ్బాగా పనికొస్తుంది. అమెరికాలో అమర్ బోస్ 1980ల మొదట్లో జనరల్ మోటార్స్ కోసం కారు స్పీకర్ల వ్యవస్థ రూపొందించినప్పుడు పట్టుకున్న సూత్రమూ ఇదే: కారు గది, అద్దాలు, సీట్లు అన్నీ వాద్యంలో భాగాలే, స్పీకరు ఒక్కటే కాదు.

అందుకే చేయి తిరిగిన ఫిట్టరు ముందు స్పీకరు డబ్బా విప్పడు, డెక్కు విప్పుతాడు. పైనున్న గుడ్డ అట్ట ఎత్తి చూస్తే కింది రేకుకు కంపెనీ వదిలిన రంధ్రాలు బోలెడు కనిపిస్తాయి. వాటిలోంచి డిక్కీ గాలి కారులోకి దూరితే చేసిన పనంతా వృథా. వాటిని రేకు ముక్కలతో, బ్యూటైల్ షీటుతో మూయాలి. ఆ తర్వాత వేళ్లతో రేకును తట్టి చూడాలి. ‘టంగ్’ మంటే అక్కడ ఇంకా షీటు కావాలి, ‘దబ్’ మంటే చాలు. డప్పుకు తోలు మోగాలి, డెక్కుకు రేకు మోగకూడదు. ఈ పనిలో అసలు విద్య అదే. రేకు మొత్తం కప్పనక్కర్లేదు. ఎక్కువగా ఊగే నడిమి భాగాలు పట్టుకుంటే సగం జబ్బు పోతుంది. మిగతా సగం నంబరు ప్లేటు, వెనకద్దం దగ్గరి బ్రేకు లైటు, డిక్కీ మూత కడ్డీలు. వీటి గరగర వినిపిస్తున్నా స్పీకరు మీదే నెపం వేసే వాళ్లు చాలామంది.

కొలత దగ్గర తొందరపడితే కారు పాడవుతుంది. కోల స్పీకర్ల లోతు తరచుగా మూడంగుళాలు దాటుతుంది. చాలా సెడాన్లలో డిక్కీ మూతను లేపే టార్షన్ కడ్డీలు సరిగ్గా డెక్కు కింద నుంచే పోతాయి. మూత తెరిచినప్పుడు ఒక చోట, మూసినప్పుడు మరో చోట ఉంటాయి. స్పీకరు మాగ్నెట్టు వాటికి తగలకుండా రెండు స్థితుల్లోనూ కొలవాలి. పైన ట్వీటరు వెనకద్దానికి తగలకూడదు. సీటు బెల్టు రీళ్లు, పిల్లల సీటు కొక్కేల బోల్టులు, వాటిని మోసే అడ్డ కమ్మీ జోలికి రంపం పోకూడదు. పక్క స్తంభాల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే వైరు అటు పోనివ్వకూడదు.

రంధ్రం పెంచక తప్పకపోతే దళసరి కాగితంపై అచ్చు గీసుకుని, డ్రిల్లుతో మొదలుపెట్టి, జిగ్‌సాతో మెల్లగా కోసి, ఆకురాయితో అంచు నున్నచేసి, కోసిన అంచుకు రంగు పూయాలి. పూయకపోతే ఒకటి రెండు వానాకాలాలకే తుప్పు. కంపెనీ రంధ్రానికి అడాప్టర్ రింగు వేసి సరిపెట్టగలిగితే కోత కన్నా అదే మేలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి బండిని ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. ఒరిజినల్ వైరింగు కోయకుండా కప్లర్‌తో కలిపితే వారంటీ గొడవలూ తగ్గుతాయి.

ఇక వాట్ల సంగతి. అట్టపెట్టె మీద మూడంకెల, నాలుగంకెల వాట్లు చూసి కొనేవాళ్లు ఎక్కువ. కారు స్టీరియోలో ఉన్న యాంప్‌కు అందేది బ్యాటరీ కరెంటే. ఇంజిను నడుస్తుండగా 14.4 వోల్టులు, స్పీకరు 4 ఓములు అనుకుంటే, ఒక్కో చానెల్ నుంచి నికరంగా రాగలిగేది లెక్క ప్రకారమే 26 వాట్లు మించదు. నిజంలో ఇంకా తక్కువ. స్టీరియో ముఖం మీద ‘50×4’ అని రాసి ఉన్నది క్షణకాలపు ఉచ్చస్థితి. అందుకే యాంప్ పెట్టని బండికి వాట్ల కన్నా సెన్సిటివిటీ అంకె ముఖ్యం. 90 డెసిబెల్స్ స్పీకరుకు 20 వాట్లు పడితే, 93 డెసిబెల్స్ దానికి అదే గట్టితనం పదింటికే వస్తుంది. మంచి షాపువాడు ఈ అంకె చూపించి అమ్ముతాడు. మూడు డెసిబెల్స్ తేడా డబ్బు మిగిల్చే తేడా.

వైరింగులో ఒక పాత ఉపాయం ఇప్పటికీ చెల్లుతుంది. పెన్సిల్ సెల్లు ఒకటి తీసుకుని స్పీకరు వైర్లకు ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్ సరిగా కలిసినప్పుడు కోన్ బయటికి పొంగుతుంది. ఎడమది పొంగి కుడిది లోపలికి పోతే ఒకటి తిరగబడినట్టు. అలా వదిలేస్తే రెండూ పోట్లాడుకుని బేస్ మాయమవుతుంది. బేస్ లేదని స్పీకర్లు మార్చినవాళ్లలో కొందరి విషయంలో జరిగిన తప్పు రెండు వైర్లు తారుమారు కావడమే. యాంప్ పెడితే బ్యాటరీ నుంచి తెచ్చే లావు వైరుకు 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజు ఉండాలి. అది లేకపోతే వైరు రేకుకు ఒరిసిన రోజు మంట ఖాయం. పవర్ వైరు ఒక పక్క నుంచి, సిగ్నల్ వైరు మరో పక్క నుంచి పోవాలి. లేకుంటే ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పాటలో సన్నగా ఈల మొదలవుతుంది.

ఎండ ఇక్కడ అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. జగిత్యాల, రామగుండం, ఆదిలాబాద్ వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వెనకద్దం కింది డెక్కు అంతకన్నా ఎంతో ఎక్కువగా కాలుతుంది. చలికాలంలో ఆదిలాబాద్ ఏజెన్సీలో రాత్రి ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడుతుంది. ఇంత ఊగిసలాటకు కోన్ చుట్టూ ఉండే ఫోము అంచు కొన్నేళ్లకే పొడిపొడిగా రాలుతుంది, కాగితపు కోన్ వంకర పోతుంది. పాలీప్రొపైలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవే ఈ ఎండకు నిలుస్తాయి. డెక్కుకు ఆనించే పలక విషయంలోనూ అంతే: ఎమ్‌డీఎఫ్ తక్కువ ధరకు దొరుకుతుంది, నున్నగా కోతకొస్తుంది, కానీ తడి తగిలితే ఉబ్బుతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా ప్లైవుడ్ మంచిది.

సెడాన్లలో ఇంత చేస్తే, ఆటోలది మరో కథ. ప్రయాణికుల సీటు వెనక స్థలంలో స్పీకర్లు పెట్టే ఆటోకు డిక్కీ అనే మూసిన గది లేదు. నాలుగు వైపులా గాలే. అందుకే డబ్బా కట్టి అందులో స్పీకరు దించుతారు. డబ్బా లేకుండా రెక్సిన్ వెనక దాచిన స్పీకరు ఎంత పెద్దదైనా ఊరికే అరుస్తుంది.

పాట బండిలో ఉన్నంతవరకే అందం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు జనావాసాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు గీశాయి. మూసిన కారులో ఇంకో ప్రమాదం ఉంది. 85 డెసిబెల్స్‌ను చెవి రోజుకు ఎనిమిది గంటలు ఓర్చుకోగలదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం. 100కు చేరితే పావుగంటే. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 160 కిలోమీటర్లు, మూడు గంటలకు పైగా ప్రయాణం. ఆ దారిలో వెనక వచ్చే అంబులెన్సు సైరన్ వినబడేంత సందు పాటలో ఉంచాలి. సరిగా కట్టిన డెక్కు తక్కువ వాల్యూమ్‌లోనూ దరువు అందిస్తుంది. ఇంత శ్రమకు అసలు ఫలం అదే.

ఇప్పుడు సెడాన్లు తగ్గి హ్యాచ్‌బ్యాకులు, ఎస్‌యూవీలు పెరిగాయి. వీటి వెనక ఉండేది రేకు డెక్కు కాదు, ఎత్తి పక్కన పెట్టగల పలచని ట్రే. దాని మీద నేరుగా కోల స్పీకర్లు బిగిస్తే ట్రే ఊగి సగం శబ్దం మింగుతుంది. బండి గట్టిగా ఆగితే కిలోల బరువున్న స్పీకర్లు సీటు మీదికి దూకే ప్రమాదమూ ఉంది. తెలిసిన ఫిట్టర్లు ట్రే ఆకారానికే ప్లైవుడ్ కోసి, అంచులకు రబ్బరు బీడింగు అంటించి, బాడీకి క్లిప్పులతో బిగిస్తున్నారు. సామాను పెట్టుకోవాలంటే పలక తీయడానికి వీలుగా మధ్యలో కప్లర్ ఉంచుతున్నారు. బిగించిన నెలకు బండిని మళ్లీ రమ్మని, గుంతల రోడ్ల మీద వదులైన స్క్రూలన్నీ మరోసారి తిప్పి పంపుతున్నారు.