షెడ్డు మనది, సరుకు సేటుది

వికారాబాద్ నుంచి ధారూరు, పెద్దేముల్ మీదుగా తాండూరు పోయే దారిలో ఖాళీ కోళ్ల షెడ్లు చాలానే కనిపిస్తాయి. ఖాళీ అంటే కోళ్లు లేవని మాత్రమే. ఒకదాంట్లో పత్తి ఉంటుంది. ఇంకొకదాంట్లో షామియానా వాళ్ల కుర్చీలు, గిన్నెలు. మరొకదాంట్లో వరికోత మిషను వచ్చే సీజను దాకా టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. కోళ్లు పెంచి అలసిపోయిన రైతుకు నెలనెలా అద్దె వస్తే అంతకన్నా ఏం కావాలి? మేత ఖర్చు లేదు, జబ్బు భయం లేదు.

ఇంగ్లండు రైతులు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. సెలవుల్లో కారు వెనక తగిలించుకుని పోయే కారవాన్లను చలికాలమంతా వాళ్ల కొట్టాల్లో పెట్టుకుని అద్దె తీసుకుంటారు. ఆవరణలో కంటెయినర్లు వరసగా పేర్చి, ఊళ్లోవాళ్ల ఇంటి సామాను దాస్తారు. అక్కడ పాత వ్యవసాయ కట్టడాన్ని గోదాంగా మార్చుకోవాలంటే పెద్ద అనుమతుల తతంగం అక్కర్లేకుండా 2013లో నిబంధన సడలించారు. అప్పుడు పరిమితి 500 చదరపు మీటర్లు, 2024లో దాన్ని వెయ్యికి పెంచారు. మనకు కారవాన్ అంటే సినిమా హీరో షాట్ గ్యాప్‌లో కూర్చునే బండి. దాన్ని తెచ్చి మన పొలంలో పెట్టేవాడెవడూ లేడు. మన షెడ్డుకు వచ్చేవాడు చదరపు మీటర్లు అడగడు. తలుపులోంచి ఒకసారి లోపలికి చూసి, "ఎన్ని బస్తాలు పడ్తయి పటేలా?" అంటాడు.

తాండూరు దగ్గర యాలాల వైపు మా మేనమామకు అలాంటి షెడ్డే ఒకటుంది. కోళ్లు మానేశాక అద్దెకిద్దామనుకున్నాడు. బేరం కుదిర్చేది తనే అయినా, కాగితాల సంగతి చూడమని నన్ను పిలిచాడు. కోళ్ల షెడ్డు గోదాం కాదని నాకు అక్కడే తెలిసింది. కోడికి గాలి కావాలి, కాబట్టి పక్క గోడలు మోకాలెత్తుకు మించవు, పైనంతా జాలీ. బస్తాకు ఆ గాలే శత్రువు. వానజల్లు లోపలికి కొడుతుంది, ఎలుక జాలీ ఎక్కి దిగుతుంది. చూరు కిందికి ఉంటుంది కాబట్టి లోడు లారీ లోపలికి రాదు. హమాలీలు బయటినుంచే మోయాలి, ఆ కూలి ఎవరిదన్న పంచాయితీ మొదటి రోజే మొదలవుతుంది.

అన్నిటికన్నా అసలు పరీక్ష నేలకు. తాండూరు కాబట్టి నేల నాపరాయే, దానికి కొదవ లేదు. బండ చూడటానికి నున్నగా, పొడిగా ఉంటుంది. మామ ఒక ప్లాస్టిక్ కాగితం తెచ్చి నేల మీద పరిచి, నాలుగు అంచులూ ఇటుకలతో నొక్కి రాత్రంతా వదిలేశాడు. పొద్దున లేపి చూస్తే కాగితం అడుగున నీటి చుక్కలు. అదీ అంతటా కాదు. బండకూ బండకూ మధ్య సందు ఎక్కడుందో సరిగ్గా దాని వెంబడే గీత గీసినట్టు చుక్కలు పట్టాయి. బండ నడిమధ్య చెయ్యి పెడితే తడి తగల్లేదు. "చూసినవా అల్లుడా, రాయి మంచిదే, సందులే ముంచుతయ్" అన్నాడు. ఆ తడి మీద బస్తా పెడితే అడుగు వరస నెల తిరిగేసరికి బూజు వాసన కొడుతుంది. కింద చెక్క దిమ్మెలు వేసి, వాటి మీద నెట్టు కట్టి, గోడకూ నెట్టుకూ మధ్య మనిషి నడిచేంత సందు వదలాలి. ఆ సందు వదిలితే పట్టే బస్తాలు తగ్గుతాయి. బస్తాలు తగ్గితే షెడ్డు తీసుకునే వ్యాపారి, అదే సేటు, అద్దె తగ్గిస్తాడు.

సరుకును బట్టి కూడా షెడ్డు పాడవుతుంది. యూరియా పెట్టుకుంటామని వస్తే నేను వద్దనే అంటాను. అది గాలిలో తడిని పీల్చి కారుతుంది, ఇనుప రేకును తింటుంది, ఆ నేల మీద తర్వాత తిండిగింజ పోయడానికి మనసొప్పదు. పైగా ఎరువుల డీలరు లైసెన్సులో ఆ నిల్వ చోటు నమోదై ఉండాలి. పత్తి పెడితే నిప్పు భయం. బీడీ ఒక్కటే కాదు, అతుకులేసిన కరెంటు తీగ కూడా చాలు. బోరు మోటారుకిచ్చే ఉచిత కరెంటు నుంచి షెడ్డులోకి బల్బు లాగడం మనవాళ్లకు అలవాటు. అద్దెకిచ్చాక ఆ తీగ రెండు రకాలుగా ప్రమాదం.

ఇక కందులు. ఈ ప్రాంతపు నల్లరేగడిలో పండే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. సంక్రాంతి చుట్టుపక్కల నుంచి తాండూరు యార్డుకు రాశులు వస్తాయి. సేటు నాలుగు గింజలు నోట్లో వేసుకుంటాడు. టక్కుమని పగిలితే ఎండినట్టు, నలిగితే తేమ ఉన్నట్టు. ఇప్పుడు మిషను ఉన్నా పన్ను పరీక్ష పోలేదు. బాగా ఎండినా పుచ్చు పురుగును తప్పించుకోవడం కష్టం. పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది. గింజకు అతుక్కున్న తెల్ల చుక్క కనిపించిందంటే కొన్నాళ్లకు అక్కడ గుండ్రటి బెజ్జం పడ్డట్టే. విత్తనానికి ఎర్రమట్టి పట్టించి దాచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గోదాంలో మాత్రం విషపు బిళ్లలు పెట్టి పట్టాలు కప్పి గాలి పట్టిస్తారు. అది మనిషినీ చంపే గాలి. షెడ్డును ఆనుకుని జీతగాడి గది ఉంటే, ఆ బిళ్లలు పెట్టనని సేటు చేత రాయించుకోవాలి. లేదంటే ఆ గదిని ఖాళీ చేయించాలి.

నన్ను ఆపింది అసలు ఇక్కడే. కందులు కొనే సేటు ఒకడు మామ షెడ్డు అడిగింది డిసెంబరు నుంచి. ఏ కందులు పెట్టడానికి? జనవరిలో మామ, మామ పక్క చేనువాళ్లు అప్పులవాళ్లకు తాళలేక కల్లం నుంచే అమ్మబోయే కందులు. అవి మళ్లీ మా షెడ్డుకే వచ్చి, ధర లేచేదాకా మా నీడలోనే ఉండి, వేసవిలో మిల్లుకు పోతాయి. షెడ్డు మనది, కందులు మనవే, ఆగే ఓపిక ఒక్కటే సేటుది. ఆ ఓపికకు పెట్టుబడి కావాలి. అది మన దగ్గర లేదు కాబట్టి మనకు దక్కేది అద్దె.

లెక్క వేద్దాం. యాభై కిలోల బస్తాలు వంద అంటే యాభై క్వింటాళ్లు. క్వింటాకు ఐదొందలు పెరిగితే పాతిక వేలు. ఆ వంద బస్తాలకు ఆ నాలుగైదు నెలల్లో సేటు మనకిచ్చే అద్దె ఎంతో ఎవరి బేరం వాళ్లు పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆగినవాడికి ప్రతిసారీ లాభమేనని మాత్రం నేను చెప్పను. 2024 మొదట్లో క్వింటా పదివేలకు అటూ ఇటూ పలికింది. ఇంకా పెరుగుతుందని సంవత్సరమంతా దాచినవాడు 2025 జనవరిలో మద్దతు ధర 7,550కి అటూ ఇటూ పలకడం చూసి తల పట్టుకున్నాడు. బయటి దేశాల కంది సుంకం లేకుండా వస్తుంటే మన షెడ్డు తలుపు ఎంత గట్టిగా వేసినా ధరను ఆపలేం. నాలుగు నెలలు ఆగడం వేరు, ఏడాది పందెం కాయడం వేరు.

ఆగడానికి డబ్బు దొరికే దారులు కాగితం మీద ఉన్నాయి. మార్కెట్ కమిటీ గోదాంలో సరుకు పెట్టి దాని విలువలో కొంత అప్పుగా తీసుకునే రైతుబంధు పథకం ఉమ్మడి రాష్ట్రంలో 1982 నుంచే ఉంది. 2018లో ఎకరాకు నాలుగు వేలతో వచ్చిన రైతుబంధు వేరు. పేరు ఒకటే కావడంతో పాతది ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు. 2007 నాటి గోదాముల చట్టం కింద నమోదైన గోదాంలో పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాని మీద బ్యాంకు అప్పు ఇవ్వొచ్చు. ఆ అప్పులకు హామీగా కేంద్రం 2024 డిసెంబరులో వెయ్యి కోట్ల నిధి పెట్టింది. మామ లాంటివాడి షెడ్డు ఆ నమోదుకు సరిపోదు. కొలతలు, బీమా, సిబ్బంది, తూకం, అన్నీ చూపాలి. పదిమంది కలిసిన ఉత్పత్తిదారుల కంపెనీకైతే అది అందని పనేమీ కాదు.

కాగితాల సంగతి తొందరగా ముగిస్తాను. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి అందరూ పదకొండు నెలలే రాసుకుంటారు. సాగుభూమిలో షెడ్డును వ్యాపారానికి వాడాలంటే నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పిడి, చేయించుకోవాలి. అలా మారిన జాగాకు ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం రాదు. సొంత పంట దాచుకునే కొట్టం వ్యవసాయం లెక్కలోకి వస్తుంది. వ్యాపారికిస్తే ఆ అద్దె వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను లెక్కలో చూపాలి. జీఎస్టీలో ఇంకో వింత ఉండేది. కందులు నిల్వ చేసిపెడితే ఆ సేవకు మినహాయింపు. అవే కందులు మిల్లులో పొట్టు వదిలి పప్పై తిరిగొస్తే వ్యవసాయ ఉత్పత్తి కాదని 2017 నవంబరులో తేల్చారు, 2019 దాకా దానికి మినహాయింపు లేదు. ఏటా ఇరవై లక్షల లోపు వచ్చే మనలాంటివాళ్లకు ఆ బాధ ఎటూ లేదనుకోండి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. 2023 జూన్‌లో కేంద్రం కంది నిల్వల మీద పరిమితి పెట్టింది. టోకు వ్యాపారికి 200 టన్నులు, చిల్లర దుకాణానికి ఐదు. 2024లోనూ మళ్లీ పెట్టింది. అలాంటప్పుడు సేటు తన గోదాం లెక్కలో చూపని సరుకును ఎక్కడ దాస్తాడు? రోడ్డుకు దూరంగా, బోర్డు లేని రైతు షెడ్డులో. తనిఖీ వాళ్లు వచ్చి నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఎ కేసు రాస్తే సేటు ఫోను ఎత్తడు, తాళం ఎవరిదని మనల్ని అడుగుతారు. రేషన్ బియ్యం కోళ్ల షెడ్లలో పట్టుబడ్డ వార్తలు చదువుతూనే ఉన్నాం. కోళ్ల ఫారం అద్దెకు తీసుకుని మత్తుమందు తయారుచేసినవాళ్లు కూడా తెలంగాణలో దొరికారు. అందుకే కాగితంలో సరుకు పేరు, బస్తాల లెక్క, వారానికోసారి తలుపు తీసి చూసే హక్కు, రెండో తాళంచెవి మన దగ్గర, ఈ నాలుగూ ఉండాలని నా పట్టు.

అవన్నీ రాసుకుని సేటు ముందు పెట్టాం. రెండో తాళంచెవికి కూడా ఒప్పుకున్నాడు. మామ ఇంకొక ముక్క కలిపాడు: "జనవరి సంది ఏప్రిల్ దాకా సగం షెడ్డు నాకు. నా కందులు, మా తమ్ముని కందులు పెట్టుకుంట. మిగిలిన సగం నీది. మే నుంచి మొత్తం తీస్కో."

సేటు నవ్వాడు. "ఏప్రిల్ దాటినంక నాకు షెడ్డుతోని ఏం పని పటేలా?" అన్నాడు. చాయ్ తాగి, కాగితం మడిచి మామ చేతికే ఇచ్చి వెళ్లిపోయాడు. వారం తిరక్కముందే రెండు చేల అవతలున్న షెడ్డు మాట్లాడుకున్నాడు, డిసెంబరు నుంచే, మొత్తం.