పాప్‌కార్న్ కప్పు కింద

డాలస్ శివారులో మేం కొన్న ఇల్లు 1976 నాటిది. హాలు పైకప్పంతా అటుకులు చల్లి అంటించినట్టు బొడిపెలే. ఇక్కడివాళ్లు దాన్ని పాప్‌కార్న్ సీలింగ్ అంటారు. మా అమ్మ వచ్చిన రోజునే తలెత్తి చూసి, "సున్నం పెచ్చులూడుతోందేమిట్రా?" అంది. ఊడటం లేదమ్మా, అలాగే కొట్టారు. బోర్డుల అతుకులు కనబడకుండా వేసిన ముసుగు అది.

గోడా కప్పూ కలిసేచోట చుట్టూ చెక్క పట్టీ, అదే క్రౌన్ మోల్డింగ్, వేస్తే గదికి నిండుదనం వస్తుందని మా ఆవిడ అంది. ఒక్క శనివారం పని అనుకున్నాను. నాలుగు పట్టాయి.

మొదటిది ఎదురుచూడటానికే పోయింది. ఆ బొడిపెల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అలంకారం కోసం స్ప్రే కొట్టే పూతల్లో దాన్ని అమెరికా 1978లో నిషేధించింది, మా ఇల్లు అంతకు రెండేళ్లు పెద్దది. మాస్కు కట్టుకుని, తడిపి, చిటికెడు గీకి ల్యాబుకు పంపాను. లేదని కాగితం వచ్చింది. ఉందని వచ్చుంటే నిచ్చెన మడిచేసి లైసెన్సు ఉన్నవాళ్లను పిలిచేవాణ్ణి.

రెండో శనివారం బద్ధకించాను. గీకకుండానే పట్టీని బొడిపెలకు ఆనించి మేకులు దిగ్గొట్టాను. ఒకచోట తాకింది, ఇంకోచోట రెండు నూళ్ల సందు. కింద నుంచి చూస్తే పళ్లూడిన దువ్వెనే. సందులో కాక్, అదే సందులు పూడ్చే పేస్టు, పూస్తే అది బొడిపెలకంటుకుని ముద్ద ముద్దగా తేలింది. దాచాల్సిన వంకరను పట్టీయే గీత గీసి మరీ చూపించింది.

పీకేశాను. పట్టీ కప్పు మీద ఎంత మేర వస్తుందో కొలిచి, చుట్టూ పెన్సిల్ గీత గీసి, దానికి ఒక నూలు లోపలికే, గోడ వైపే, ఆగుతూ గీకాను. మా కప్పుకి ఎన్నడూ పెయింట్ పడలేదు కనుక నీళ్లు చిమ్మి పావుగంట నాననిస్తే పుట్టీ బ్లేడుకి పెరుగు మీగడలా వచ్చింది. పెయింట్ పడిన కప్పు నీళ్లు తాగదు, అక్కడ ఈ సుఖం లేదు.

ఇక మూలలు. రెండు పట్టీలకూ నలభై అయిదు డిగ్రీల కోత కోసి కలిపితే చాలని నేనూ అనుకున్నాను. గది మూల సరిగ్గా తొంభై ఉంటేగా! రంపం మీద పట్టీని తలకిందులుగా పెట్టాలని తెలిసేలోపు పన్నెండడుగులవి రెండు పాడయ్యాయి. చివరికి దారి చూపింది పక్కింటి పెద్దాయన, రిటైరైన వడ్రంగి. ఒక పట్టీని నేరుగా గోడకు తాకించు, రెండోదాని చివరను సన్న రంపంతో మొదటిదాని ఒంపుల ప్రకారం చెక్కి దాని మీద కూర్చోబెట్టు అన్నాడు. మూల ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా అతుకు నోరు తెరవదు.

హైదరాబాద్‌లో మా అన్నయ్య ఫ్లాట్‌లో పీఓపీ కార్నిస్ వేస్తుంటే చూశాను. గోడ వంకరైతే తడి పీఓపీ ముద్ద ఇంకాస్త మెత్తి, వేలితో నునుపు చేసేశారు. చెక్క అలా సర్దుకోదు.

మూడు మూలలు బాగా కుదిరాయి. నాలుగోదాంట్లో ఇప్పటికీ అర నూలు సందుంది. దాని ముందు పుస్తకాల బీరువా పెట్టాం.