తగ్గిన బరువును నిలుపుకొనుట

శరీరభారమును తగ్గించుకొనుట ఒక యెత్తు, తగ్గినదానిని నిలుపుకొనుట మరియొక యెత్తు. పథ్యము చేసి నాలుగు కిలోలు కరగించుకొన్నవాడు బంధువుల ప్రశంసలు వినుచుండగనే, ఆకలిని అణచు లెప్టిన్ రక్తమునందు క్షీణించి, ఆకలిని రేపు గ్రెలిన్ హెచ్చి, పోయిన కొవ్వును మరల రాబట్టుకొనుటకు దేహమే పూనుకొనును. 2011లో మెల్బోర్న్ పరిశోధకులు పరీక్షించినవారిలో ఈ వికారము ఏడాది గడచినను సమసిపోలేదు.

దీనికి ఆక్యుప్రెషర్ విరుగుడు కాగలదా యని అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున కొందరు విచారించిరి. వారు స్వీకరించినది కాలిఫోర్నియాకు చెందిన టాపస్ ఫ్లెమింగ్ అను స్త్రీ 1993లో రూపొందించిన పద్ధతి. ఇందు గట్టిగా నొక్కుట లేదు, స్పర్శయే. ఒక చేతి బొటనవ్రేలిని, ఉంగరపువ్రేలిని కన్నుల లోపలి కొనలకు తాకించి, మధ్యవ్రేలిని కనుబొమల నడుమ నిలిపి, రెండవ అరచేతిని తలవెనుక ఆనించి, తిండివైపు లాగుచున్న తలంపును గమనించుచు కొంతసేపు కూర్చుండవలెను.

రాత్రి భోజనమైన గంటకు జంతికల డబ్బా జ్ఞప్తికి వచ్చు వేళ నేనును ఇట్లు కూర్చుండుట కలదు. కనుకొనలపై వ్రేళ్ళు బరువుగా పడినచో చీకటిలో మెరుపులు తోచును. తేలికగా నుండిన నుదుట కొంచెము వెచ్చదనము. ఆక్యుప్రెషర్ వారు చెప్పు ప్రాణశక్తి నాడులలో ప్రవహించినదో లేదో నేనెరుగను గాని, చేతులు రెండును తలకే అంటియుండుటచేత డబ్బా మూత తీయుటకు మూడవ చెయ్యి లేదనుట నిశ్చయము! చేతులు దించునప్పటికి ఆ కోరిక తరచుగా చప్పబడియుండును.

పోర్ట్‌లండ్ ఫలితము 2012లో వెలువడినది. కనీసము నాలుగున్నర కిలోలు తగ్గిన 285 మందిని రెండు పాయలు చేసి, ఒక పాయకు ఈ పద్ధతిని నేర్పి, తక్కినవారిని ఒకరికొకరు ధైర్యము చెప్పుకొను గోష్ఠులలో చేర్చి, ఏడాదికి తూచి చూడగా, మొత్తముమీద చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. ఈ పద్ధతిపైనే అంతకు పూర్వము జరిగిన చిన్న పరీక్ష కల్పించిన ఆశను ఈ పెద్ద పరీక్ష బలపరుపలేదు.

కావున మోకాలి క్రింద ఒక బిందువు నొక్కిన పొట్ట కరగునని, బొడిపెల చెప్పులు తొడిగిన చాలునని సొమ్ము గుంజువారి మాటలు నాకు సమ్మతములు కావు. కన్నులు మూసి కూర్చుండుటకు రొక్కము అక్కరలేదు. నడకను, పథ్యమును విడువక, మధుమేహమున్నవారు మాత్రలు మానక, వారమునకొకమారు బరువు చూచుకొనుచు, కడుపు నిండియున్నను నోరూరునప్పుడు మాత్రము ఈ స్పర్శపద్ధతిని ప్రయత్నించి చూడుడు.